భారీ పికప్ ట్రక్కుల్లో పెట్రోలు ఇంజన్, గేర్‌బాక్సు: బరువు లాగే తీరు - ఒక వివరణ

వ్యాససంగ్రహం:

అమెరికాలో పెద్ద ట్రైలర్లను లాగడానికి వాడే భారీ పికప్ ట్రక్కు అనగానే డీజిల్ ఇంజన్ గుర్తుకు రావడం పరిపాటి. ఇటీవలి కాలంలో పెట్రోలు ఇంజన్లు కూడా ఈ పనిలో చెప్పుకోదగిన స్థానాన్ని పొందాయి. ఈ మార్పులో ఇంజన్ పాత్ర ఎంత ఉందో, గేర్‌బాక్సు పాత్ర అంతకు తక్కువేమీ కాదు. బలం, సామర్థ్యం అనే భావనల మధ్య తేడాను స్పష్టం చేసి, గేర్ నిష్పత్తులు కొండదారిలో ఎలా పనిచేస్తాయో లెక్కలతో చూపి, లాగడంతోపాటు ఆపడం, మోయడం కూడా ఎందుకు లెక్కలోకి రావాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పికప్ ట్రక్కు, ట్రైలర్, టార్క్, అశ్వసామర్థ్యం, గేర్ నిష్పత్తి, ఇంజన్ బ్రేకింగ్, మోత పరిమితి.

1. ప్రవేశిక:

అమెరికన్ ఇంగ్లీషులో 'గ్యాస్' అంటే పెట్రోలు. తెలుగు వాడుకలో గ్యాస్ అనగానే వంటగ్యాసో, ఆటోల్లో నింపే సి.ఎన్.జి.యో స్ఫురిస్తుంది. కాబట్టి అక్కడివారు 'గ్యాస్ ట్రక్కు' అనేదాన్ని ఈ వ్యాసంలో 'పెట్రోలు ట్రక్కు'గానే వ్యవహరించడం జరిగింది.

అమెరికాలో పడవలు, గుర్రాలు, ట్రాక్టర్లు, చక్రాల మీది ఇళ్లు వంటివాటిని ట్రైలర్ మీద ఉంచి సొంత వాహనంతో లాక్కువెళ్లడం సామాన్య జీవితంలో భాగం. రైతులు, చిన్న గుత్తేదారులు మొదలుకొని సెలవుల్లో కుటుంబంతో ప్రయాణించేవారి వరకూ ఈ పని చేస్తారు. అక్కడ స్థిరపడిన తెలుగువారికీ ఇది కొత్త కాదు. అయితే ట్రక్కు కొనేవారి ముందు ప్రకటనలు ఉంచేది సాధారణంగా ఒకే ఒక్క అంకె: ఈ ట్రక్కు ఇన్ని పౌండ్లు లాగుతుంది. ఆ అంకె అబద్ధం కాదు. కానీ దాని వెనుక ఉన్న షరతులు తెలియకపోతే కొండ దిగేటప్పుడు కుటుంబం ప్రాణాలకే ముప్పు వాటిల్లవచ్చు. అందువల్ల ఆ అంకె వెనుక ఏమున్నదో విడమరిచి చూడవలసిన అవసరం ఉంది.

2. భారీ పికప్ అంటే ఏది?

వాహనం తన సొంత బరువు, అందులోని మనుషులు, సామాను, కొక్కెం మీద పడే భారం అన్నీ కలిపి ఎంత బరువు వరకు ఉండవచ్చో తయారీదారు నిర్ణయిస్తాడు. అమెరికాలో ఈ గరిష్ఠ పరిమితి 8,501 నుంచి 10,000 పౌండ్ల వరకు ఉన్నవాటిని 2బి తరగతిగా, 10,001 నుంచి 14,000 పౌండ్ల వరకు ఉన్నవాటిని 3వ తరగతిగా పరిగణిస్తారు. ఫోర్డ్ ఎఫ్-250, ఎఫ్-350, షెవర్లే సిల్వరాడో 2500, 3500, ర్యామ్ 2500, 3500 ఈ కోవలోకి వస్తాయి. గ్యాలనుకు ఎన్ని మైళ్లు నడుస్తుందో తెలిపే ప్రభుత్వ చీటీ అంటించే నియమం చిన్న పికప్‌లకు ఉంది కానీ వీటికి లేదు. ఈ కారణంగా కూడా కొనుగోలుదారు ఇతర అంకెలపై ఎక్కువగా ఆధారపడవలసి వస్తుంది.

3. బలం, శక్తి, సామర్థ్యం:

తెలుగు భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో బలం, శక్తి, సామర్థ్యం వేర్వేరు పారిభాషిక పదాలు. నిత్యవ్యవహారంలో మాత్రం ఇవి ఒకదాని స్థానంలో ఒకటి వచ్చేస్తుంటాయి. ఇంజన్ సామర్థ్యాన్ని కొలిచే ప్రమాణాన్ని 'అశ్వశక్తి' అనడం ఇందుకు ఉదాహరణ. పాఠ్యపుస్తకాల పరిభాషలో అది 'అశ్వసామర్థ్యం'. ఈ తేడా మాటలకే పరిమితం కాదు. ట్రక్కుల విషయంలో కలిగే అపోహలకు మూలం ఇక్కడే ఉంది.

ఇరుసును తిప్పే బలాన్ని టార్క్ అంటారు. బిగుసుకుపోయిన నట్టును పొట్టి స్పానరుతో విప్పలేనివాడు అదే చేతిబలంతో పొడవాటి స్పానరు పట్టి విప్పగలడు. ఇక్కడ పెరిగింది చేతిబలం కాదు, టార్క్. ఒక అడుగు పొడవున్న చేయి చివర ఒక పౌండు బలాన్ని ప్రయోగిస్తే కలిగేది ఒక పౌండు-అడుగు టార్క్. సామర్థ్యం అంటే ఆ పనిని ఎంత వేగంగా చేయగలుగుతుందన్నది. పౌండు-అడుగుల్లో టార్క్‌ను నిమిషానికి చుట్ల సంఖ్యతో గుణించి 5,252తో భాగిస్తే అశ్వసామర్థ్యం వస్తుంది.

2019 నమూనా ర్యామ్ ట్రక్కులో లభించిన కమిన్స్ 6.7 లీటర్ల డీజిల్ ఇంజన్ రకాల్లో బలమైనది 1,800 చుట్ల వద్ద 1,000 పౌండు-అడుగుల టార్క్ ఇస్తుంది. 2020 నమూనా ఫోర్డ్ 7.3 లీటర్ల పెట్రోలు ఇంజన్ 4,000 చుట్ల వద్ద ఇచ్చేది 475 మాత్రమే. పైకి చూస్తే ఇది సగం కన్నా తక్కువ. పై సూత్రం ప్రకారం లెక్కిస్తే ఆయా చుట్ల వద్ద డీజిల్ సామర్థ్యం సుమారు 343, పెట్రోలు సామర్థ్యం సుమారు 362. అంటే పెట్రోలు ఇంజన్ పని చేయలేనిది కాదు. అదే పనిని రెండు రెట్లకు పైగా వేగంగా తిరుగుతూ చేస్తుంది. ఆ వేగాన్ని తగ్గించి, టార్క్‌ను పెంచి చక్రానికి అందించే బాధ్యత గేర్లది. కనుక పెట్రోలు ట్రక్కులో గేర్‌బాక్సును సగం ఇంజన్‌గా భావించడం సమంజసం.

4. మూడు పెట్రోలు ఇంజన్లు:

ప్రస్తుత చర్చకు మూడు ఇంజన్లు ప్రాతినిధ్యం వహిస్తాయి.

2014 నమూనాతో ర్యామ్ భారీ ట్రక్కుల్లోకి వచ్చిన 6.4 లీటర్ల హెమీ విడుదలనాటి అంకెల ప్రకారం 410 అశ్వసామర్థ్యాన్ని, 429 పౌండు-అడుగుల టార్క్‌ను ఇస్తుంది. 2020 నమూనాతో వచ్చిన జనరల్ మోటార్స్ 6.6 లీటర్ల ఇంజన్ 401 అశ్వసామర్థ్యాన్ని, 464 పౌండు-అడుగుల టార్క్‌ను ఇస్తుంది. అదే ఏడాది నమూనాతో వచ్చిన ఫోర్డ్ 7.3 లీటర్ల ఇంజన్ విడుదలనాటి అంకెలు వరుసగా 430, 475.

ఈ మూడింటికీ కొన్ని సమాన లక్షణాలున్నాయి. మూడూ ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజన్లు. మూడింటి దిమ్మెలూ పోత ఇనుముతో చేసినవే. కవాటాలను పుష్‌రాడ్లతో కదిలించే పాత పద్ధతినే మూడూ అనుసరిస్తాయి. టర్బో ఏ ఒక్కదానికీ లేదు. మూడింటిలోనూ గరిష్ఠ టార్క్ 4,000 చుట్ల వద్దే వస్తుంది. టర్బో అమర్చిన చిన్న పెట్రోలు ఇంజన్లు తేలికపాటి పికప్‌లలో విరివిగా ఉన్న కాలంలో, భారీ ట్రక్కులకు ఇలాంటి పెద్ద ఇంజన్లనే ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. ఖాళీగా నడిచే బండి ఇంజన్ పూర్తి సామర్థ్యాన్ని వాడుకునేది కొన్ని క్షణాలే. బరువు లాగే బండి నిమిషాల తరబడి వాడుకుంటుంది. అంతసేపు పుట్టే వేడిని తట్టుకోవడానికి పెద్ద పరిమాణం, దిట్టమైన దిమ్మె, సరళమైన నిర్మాణం తోడ్పడతాయి.

పూర్తి భారం మీద పెట్రోలు ఇంజన్‌కు మరో ఇబ్బంది ఉంది. బయటికి పోయే వాయువుల వేడిని అదుపులో ఉంచడానికి అవసరానికి మించి పెట్రోలును లోపలికి పంపవలసి వస్తుంది. బరువు లాగేటప్పుడు మైలేజీ ఒక్కసారిగా పడిపోవడానికి ఇదొక కారణం.

5. గేర్‌బాక్సు పాత్ర:

5.1 మొదటి గేరు:

గేర్‌బాక్సు నిష్పత్తిని వెనుక ఇరుసు నిష్పత్తితో గుణిస్తే ఇంజన్ టార్క్ చక్రం దగ్గర ఎన్ని రెట్లవుతుందో తెలుస్తుంది. జనరల్ మోటార్స్ 6.6 లీటర్ల ఇంజన్‌కు మొదట జతచేసిన ఆరు గేర్ల పెట్టెలో మొదటి గేరు 4.03. ఇరుసు నిష్పత్తి 3.73. రెండింటి లబ్ధం సుమారు 15. ఫోర్డ్ పది గేర్ల పెట్టెలో మొదటి గేరు 4.615. ఇరుసు 4.30 ఎంచుకుంటే లబ్ధం సుమారు 19.8. రాపిడి నష్టాలను పక్కన పెడితే, ఒకే ఇంజన్‌కు ఈ రెండు అమరికలూ తగిలిస్తే రెండో అమరిక చక్రానికి దాదాపు మూడో వంతు ఎక్కువ టార్క్ అందిస్తుంది. నిలిచిన చోటి నుంచి బరువును కదిలించడంలో ఈ తేడా స్పష్టమవుతుంది.

5.2 గేర్ల మధ్య అంతరం:

గేర్ల సంఖ్య పెరగడం వల్ల కలిగే అసలు ప్రయోజనం మొదటి గేరులో కన్నా మధ్య గేర్లలో ఎక్కువగా కనిపిస్తుంది. ఆరు గేర్ల పెట్టెలో రెండోది 2.36, మూడోది 1.53. రెండో గేరులో 5,000 చుట్లు తిరుగుతున్న ఇంజన్ మూడో గేరులోకి మారగానే సుమారు 3,240కి పడిపోతుంది. పది గేర్ల పెట్టెలో నాలుగోది 1.773, ఐదోది 1.519. అక్కడ 5,000 నుంచి పడిపోయేది సుమారు 4,280కి మాత్రమే. చిన్న పరిధిలోనే పూర్తి బలం చూపే పెట్రోలు ఇంజన్‌ను ఆ పరిధి దాటనీయకుండా పట్టి ఉంచేవి ఈ దగ్గర దగ్గర మెట్లే.

ఈ అవసరాన్ని గుర్తించే కంపెనీలు గేర్‌బాక్సులను మార్చాయి. ర్యామ్ 2019 నమూనా నుంచి 6.4 లీటర్ల ఇంజన్‌కు ఎనిమిది గేర్ల పెట్టెను, ఫోర్డ్ 2020 నుంచి 7.3 లీటర్ల ఇంజన్‌కు పది గేర్ల పెట్టెను జతచేశాయి. జనరల్ మోటార్స్ 2024 నమూనాలో అల్లిసన్ పేరుతో ఉన్న పది గేర్ల పెట్టెను పెట్రోలు ఇంజన్‌కూ ఇచ్చింది.

5.3 టార్క్ కన్వర్టర్, వేడి:

ఈ ట్రక్కులన్నీ ఆటోమేటిక్ గేర్లవే. ఇంజన్‌కు, గేర్లకు మధ్య క్లచ్ స్థానంలో నూనెతో నిండిన టార్క్ కన్వర్టర్ ఉంటుంది. బండి కదిలే తొలి క్షణాల్లో ఇది టార్క్‌ను మరికొంత పెంచుతుంది. కానీ అందులో జారుడు ఉన్నంతసేపూ నూనె వేడెక్కుతుంది. వేగం అందుకున్నాక లోపలి తాళం పడి ఇంజన్, గేర్లు నేరుగా కలిసిపోతే వేడి తగ్గుతుంది. గేరు పదేపదే పైకీ కిందికీ మారుతుంటే ఆ తాళం కూడా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. అందుకే 'టో-హాల్' అనే మీటను ఏర్పాటు చేశారు. దాన్ని నొక్కితే గేర్‌బాక్సు తొందరపడి పై గేరుకు వెళ్లదు. దిగుడులో తనంతట తానే కింది గేరుకు దిగుతుంది.

6. కొండ ఎక్కేటప్పుడు:

ట్రక్కు, ట్రైలర్ కలిపి 9,000 కిలోల బరువు 6 శాతం వాలు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నదనుకుందాం. భూమ్యాకర్షణను అధిగమించడానికే సుమారు 118 కిలోవాట్లు, అంటే 158 అశ్వసామర్థ్యం కావాలి. గాలి, టైర్ల నిరోధానికి ఇందులో మూడో వంతు అదనంగా వేసుకొని, గేర్లు, ఇరుసులలో పోయేదాన్ని 15 శాతంగా లెక్కిస్తే ఇంజన్ నుంచి సుమారు 250 అశ్వసామర్థ్యం రావాలి. సముద్రమట్టం దగ్గర ఫోర్డ్ 7.3 లీటర్ల ఇంజన్‌కు ఇది సుమారు 3,000 చుట్ల వద్ద సాధ్యమే.

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజన్ ప్రతి 1,000 అడుగులకు సుమారు 3 శాతం సామర్థ్యాన్ని కోల్పోతుంది. కొలరాడో రాష్ట్రంలో ఐ-70 రహదారి మీది ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగులకు పైన ఉంది. అక్కడ ఆ ఇంజన్ దాదాపు 30 శాతం కోల్పోతుంది. 4,000 చుట్ల వద్ద 362గా ఉన్న సామర్థ్యం సుమారు 253కు తగ్గుతుంది. అంటే 80 కిలోమీటర్ల వేగం నిలవాలంటే ఇంజన్ పూర్తి భారం మీద 4,000 చుట్ల దగ్గర తిరగక తప్పదు. టర్బో ఉన్న డీజిల్ ఇంజన్ ఈ నష్టాన్ని చాలావరకు పూడ్చుకుంటుంది.

ఇప్పుడు గేర్ల సంగతి చూడాలి. టైరు ఒక చుట్టుకు 2.6 మీటర్లు దొర్లుతుందనుకుంటే, 80 కిలోమీటర్ల వేగంలో పైన చెప్పిన ఆరు గేర్ల అమరిక ఇంజన్‌కు రెండు అవకాశాలే ఇస్తుంది: సుమారు 2,900 చుట్లు లేదా 4,500 చుట్లు. మొదటిది చాలదు. రెండోది అవసరానికి మించినది. పది గేర్ల అమరికలో 3,300, 3,900, 4,700 చుట్లకు దగ్గరగా మూడు గేర్లు దొరుకుతాయి. కావలసిన చోటనే ఒక గేరు ఉండడమంటే ఇదే. ఆ చుట్ల వద్ద ఇంజన్ చేసే హోరు విని యంత్రం పాడవుతున్నదని కంగారుపడనవసరం లేదు. పెట్రోలు ఇంజన్ బరువు లాగే పద్ధతే అది.

లాగే సామర్థ్యాన్ని ఇష్టం వచ్చినట్లు ప్రకటించకుండా ఎస్‌ఏఈ జె2807 అనే ప్రమాణం ఉంది. అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గరి ఎక్కుడుదారి ఇందులో ఒక కొలమానం. మండువేసవిలో, ఏసీ నడుస్తుండగా, నిర్ణీత కనీస వేగం తగ్గకుండా, యంత్రం అతిగా వేడెక్కకుండా బరువును పైకి చేర్చాలి. 12 శాతం వాలు మీద ఆగి మళ్లీ కదలగలగాలి. అయితే డేవిస్ డ్యామ్ దారి ఎడారి ప్రాంతంలోనిది, కొలరాడో కనుమలంత ఎత్తైనది కాదు. ప్రకటనలోని అంకెను ఎత్తైన కొండలకు అన్వయించేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

7. కొండ దిగేటప్పుడు:

ఎక్కడానికి ఖర్చయిన సామర్థ్యం దిగేటప్పుడు ఎదురు తిరుగుతుంది. అదే బరువు అదే వాలులో అదే వేగంతో దిగితే భూమ్యాకర్షణ 118 కిలోవాట్ల చొప్పున బండిని ముందుకు తోస్తుంది. గాలి, టైర్లు అందులో మూడో వంతు తీసుకున్నా సుమారు 78 కిలోవాట్లు మిగులుతాయి. దీన్నంతా బ్రేకుల మీదనే వేస్తే, 1,000 వాట్ల ఇస్త్రీపెట్టెలు 78 ఏకధాటిగా కాలుతున్నంత వేడి అక్కడ పుడుతుంది. కొద్దిసేపటికి బ్రేకులు పట్టు కోల్పోతాయి.

కాబట్టి ఆ భారంలో కొంత ఇంజన్ మోయాలి. పెట్రోలు ఇంజన్‌లో యాక్సిలరేటర్ వదలగానే గాలిదారి మూసుకుపోయి, పిస్టన్లు శూన్యానికి ఎదురుగా పనిచేయవలసి వస్తుంది. ఇది సహజమైన నిరోధం. డీజిల్ ఇంజన్‌కు అలాంటి గాలిమూత ప్రధానంగా ఉండదు కనుక ప్రత్యేకంగా ఎగ్జాస్ట్ బ్రేక్ అమరుస్తారు. అది శక్తిమంతమైనది కూడా. పెట్రోలు ట్రక్కుకు ఆ సౌకర్యం లేదు కాబట్టి కింది గేరు, ఎక్కువ చుట్లే దానికి ఆధారం. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలని మన ఘాట్ రోడ్ల డ్రైవర్లు చెప్పే సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండడం, వాటిని ట్రక్కులోంచి సరిగా అమర్చుకోవడం కూడా తప్పనిసరి.

8. లాగడం వేరు, మోయడం వేరు:

ఎద్దుల బండి తోలినవారికి ఒక విషయం తెలుసు. బరువు ముందుకు మొగ్గితే కాడి ఎద్దుల మెడలను నొక్కుతుంది. వెనక్కి మొగ్గితే కాడి పైకి లేస్తుంది. బండిలో ఎంత బరువున్నదన్నది ఎంత ముఖ్యమో, అది ఎక్కడున్నదన్నదీ అంతే ముఖ్యం. ట్రైలర్‌కూ ఇదే న్యాయం వర్తిస్తుంది. వెనుక కొక్కేనికి తగిలించే ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలి. అంతకన్నా తగ్గితే ట్రైలర్ పాములా ఊగుతుంది. ట్రక్కు తొట్టిలో, ఇరుసు పైన తగిలించే ఫిఫ్త్ వీల్ పద్ధతిలో ఇది 15 నుంచి 25 శాతం ఉంటుంది.

ఉదాహరణకు 12,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ ట్రైలర్ 20 శాతం చొప్పున 2,400 పౌండ్లను ట్రక్కు మీద మోపుతుంది. నలుగురు మనుషులు, వారి సామాను, కొక్కెం బిగింపు బరువు దీనికి అదనం. ఈ మొత్తం డ్రైవర్ తలుపు దగ్గరి చీటీ మీద ముద్రించిన మోత పరిమితిని మించరాదు. ఇక్కడ ఒక విచిత్రం కనిపిస్తుంది. డీజిల్ ఇంజన్ పెట్రోలు ఇంజన్ కన్నా కొన్ని వందల పౌండ్లు బరువెక్కువ. మొత్తం పరిమితి 10,000 పౌండ్లకే కట్టుబడిన ట్రక్కుల్లో ఆ బరువు మోత పరిమితి నుంచే తరిగిపోతుంది. అందువల్ల ఎక్కువ లాగగల డీజిల్ ట్రక్కు తక్కువ మోయగలదిగా, తక్కువ లాగే పెట్రోలు ట్రక్కు ఎక్కువ మోయగలదిగా మారే సందర్భాలున్నాయి.

9. పెట్రోలా, డీజిలా?

డీజిల్ ఇంజన్ కోసం కొనుగోలుదారు దాదాపు 10,000 డాలర్లు అదనంగా చెల్లించవలసి వస్తుంది. పొగను శుద్ధిచేసే వడపోతలు, ప్రత్యేక ద్రవం, వాటి నిర్వహణ దీనికి తోడు. తరచూ చిన్న దూరాలకు తిరిగే బండిలో ఆ వడపోతలు తమను తాము శుభ్రపరచుకునేంత వేడి అందక ఇబ్బంది పెడతాయి. మరోవైపు, డీజిల్ ఇంజన్ గాలిని సుమారు 16 రెట్లు నొక్కుతుంది. పెట్రోలు ఇంజన్ నొక్కేది 10 రెట్లకు కాస్త అటూ ఇటూగా మాత్రమే. ఈ కారణంగా డీజిల్ అదే ఇంధనంతో ఎక్కువ పని చేస్తుంది.

కనుక ఏడాది పొడవునా ఎత్తైన కొండల్లో మహాభారాలు లాగేవారికి డీజిల్ తగినది. ఏడాదిలో కొన్నిసార్లే లాగుతూ, మిగతా రోజుల్లో ఖాళీగానో, తొట్టిలో సామానుతోనో తిరిగేవారికి తగినన్ని గేర్లున్న పెట్రోలు ట్రక్కు సరిపోతుంది.

10. ముగింపు:

పై వివరణ వల్ల ఈ కింది అంశాలు స్పష్టమవుతున్నాయి.

1. టార్క్ అంకెను మాత్రమే చూసి పెట్రోలు ఇంజన్‌ను బలహీనమైనదిగా భావించడం సరికాదు. సామర్థ్యంలో అది డీజిల్‌కు దీటుగా నిలవగలదు.

2. ఆ సామర్థ్యాన్ని చక్రం దాకా చేర్చేది గేర్‌బాక్సు. ఆరు గేర్ల నుంచి ఎనిమిది, పది గేర్లకు మారడం పెట్రోలు ట్రక్కు స్థాయిని పెంచింది.

3. ఎత్తైన ప్రాంతాల్లో టర్బో లేని ఇంజన్ కోల్పోయే సామర్థ్యాన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి.

4. దిగుడులో పెట్రోలు ట్రక్కుకు రక్ష కింది గేరు. బ్రేకు మీదనే భారం వేయకూడదు.

5. ప్రకటనలోని లాగుడు అంకె కన్నా తలుపు దగ్గరి చీటీలోని మోత పరిమితి చాలా సందర్భాల్లో ముందుగా అడ్డుపడుతుంది.

లాగడం, ఆపడం, మోయడం అనే మూడు పనుల్లో ఏది ముందుగా తన హద్దును చేరుతుందో అదే ఆ ట్రక్కు అసలు హద్దు. ప్రకటన చూపేది వాటిలో మొదటిదాన్నే. మిగతా రెండూ కొనేవారు స్వయంగా లెక్కించుకోవలసినవి.